పుంతకు సిమెంటు వేస్తే తరగతి మారుతుందా?

పోయిన నెల ఈ శీర్షికలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గురించి రాశాను. 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండులో మొదలుపెట్టిన మ్యాపు అది. వికీపీడియా లాగే ఎవరైనా అందులో తమ ఊరు గీయొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే తగువు: మా రోడ్డు ఏ తరగతిది? ముప్పై నాలుగేళ్ళు కోనసీమలో, మెట్టలో రోడ్లు వేయించి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఈ తగువే తీర్చాను. రిటైరయ్యాక మళ్ళీ ఇదే దాపురించింది. ఈసారి జీతం లేదు, అంతే తేడా.

ఇంజనీరు గారూ, మా ఊరి నుంచి మండల కేంద్రానికి 7 కిలోమీటర్ల సింగిల్ రోడ్డు ఉంది. గుంతలమయం. దాన్ని మ్యాపులో టెర్షియరీ అని పెట్టాను. ఎవరో వచ్చి "ఇంత పాడైన రోడ్డు టెర్షియరీ ఏమిటి" అని ట్రాక్‌గా మార్చారు. నేను వెనక్కి తిప్పాను. మళ్ళీ మార్చారు. ఇప్పటికి మూడుసార్లయింది. ఎవరిది రైటు?
— ఓ ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

మీదే రైటు. కానీ మూడుసార్లు తిప్పడం మాత్రం తప్పు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

తెలియనివాళ్ళ కోసం ముందు ఓ మాట. ఈ మ్యాపులో ప్రతి దారికీ 'హైవే' అనే ట్యాగు, అంటే అదేం దారో చెప్పే చీటీ ఉంటుంది, కాలిబాటకు కూడా. ఇంగ్లీషు చట్టంలో జనం నడిచే దారి ఏదైనా హైవేయే. మన దగ్గర హైవే అంటే టోల్‌గేటు గుర్తొస్తుంది కాబట్టి మొదట్లో తికమకగానే ఉంటుంది. ఆ ట్యాగులో పైనుంచి కిందికి మోటర్‌వే, ట్రంక్, ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ, అన్‌క్లాసిఫైడ్, రెసిడెన్షియల్ అని మెట్లు. వీటికి పక్కగా సర్వీస్, ట్రాక్ (పొలం బాట), పాత్ (కాలిబాట) లాంటివి. మన దేశంలో మ్యాపర్లు పాటిస్తున్న ఆనవాయితీ ప్రకారం జాతీయ రహదారి ట్రంక్, రాష్ట్ర రహదారి ప్రైమరీ, మేజర్ డిస్ట్రిక్ట్ రోడ్డు సెకండరీ. అక్కడి దాకా కాగితం చూసి రాసేయొచ్చు. మీరడిగింది ఆ కింది మెట్ల గురించి. అక్కడ కాగితం చాలదు.

రోడ్డు తరగతి అంటే ఆ రోడ్డు చేసే పని. ఎంత వెడల్పు, తారుందా లేదా, గుంతలెన్ని అనేవాటికి వేరే ట్యాగులున్నాయి. తారో మట్టో 'సర్ఫేస్'లో రాయండి. గుంతల బాధ 'స్మూత్‌నెస్'లో రాయండి, అందులో 'వెరీ బ్యాడ్' అనే మెట్టు కూడా ఉంది, మొహమాటపడకండి. మీ రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు వస్తుందా? పాల వ్యాను, స్కూలు బస్సు, కాన్పు నొప్పులొస్తే 108 ఈ దారినే వస్తాయా? అది తప్ప మండల కేంద్రానికి వేరే దారి లేదా? వీటన్నిటికీ మీ జవాబు అవుననే అనుకుంటున్నాను. అలాంటప్పుడు అది టెర్షియరీయే. గుంతలు పడ్డంత మాత్రాన తహసీల్దారు ఆఫీసు వేరే ఊరికి పోదుగా!

ట్రాక్ అని మార్చినాయన దుర్మార్గుడేం కాదు. ఉపగ్రహ చిత్రంలో ఆయనకు ఎర్రగా, సన్నగా గీత కనబడి ఉంటుంది. ఆఫ్రికా దేశాల్లోనూ ఇదే చిక్కు వచ్చింది. అక్కడ పట్నాన్నీ పట్నాన్నీ కలిపే పెద్ద రోడ్లే చాలాచోట్ల మట్టివి. యూరప్ కళ్ళతో చూసి వాటిని ట్రాక్ అని గీస్తే దేశం మొత్తం మ్యాపులో పొలం బాటల్లా కనబడేది. అందుకని అక్కడి మ్యాపర్లు కూర్చుని, తరగతి ప్రాముఖ్యాన్ని బట్టే గానీ పైపూతను బట్టి కాదని మార్గదర్శకం రాసుకున్నారు. మనకూ అదే వర్తిస్తుంది.

దీనివల్ల వచ్చే నష్టం అంకెల్లో చెబుతాను. ఓఎస్ఆర్ఎం అని ఈ మ్యాపును వాడుకుని దారి చూపించే ప్రోగ్రాం ఉంది. స్పీడు లిమిట్ రాసి లేని రోడ్డుకు అది తరగతిని బట్టే కారు వేగం ఊహించుకుంటుంది. మామూలుగా సెకండరీకి గంటకు 55 కిలోమీటర్లు, టెర్షియరీకి 40, అన్‌క్లాసిఫైడ్‌కూ రెసిడెన్షియల్‌కూ 25, సర్వీస్‌కు 15. ఒక్క మాట మారిస్తే మీ ఊరు మండల కేంద్రానికి దూరం జరిగినట్టే.

ఇక తిప్పడం సంగతి. ఒకసారి తిప్పాక మళ్ళీ మార్చారంటే, రెండోసారి చెయ్యి పెట్టకుండా ఆ మార్పు కిందే కామెంటు రాయండి. "నేను ఈ ఊరివాణ్ణి, ఈ రోడ్డు మీద రోజుకు ఇన్ని బస్సులు, ఇదిగో ఫొటో" అని. పది రోజులు ఆగండి. ఎడిట్ యుద్ధంలో ఊరివాడు కూడా రౌడీలాగే కనిపిస్తాడు.

సర్, విలేజీల చుట్టూ చాలా రోడ్లకు 'అన్‌క్లాసిఫైడ్' అని ఉంది. ఎవరో పని సగంలో వదిలేశారనుకుని దాదాపు నలభై రోడ్లు రెసిడెన్షియల్‌గా మార్చాను. ఇప్పుడు అది తప్పంటున్నారు.
— డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

తప్పేనమ్మా. కానీ నేనూ మొదటి నెలలో ఇదే చేశాను, నావి నలభైకి పైనే.

ఆ మాటకు డిక్షనరీ చూస్తే 'వర్గీకరించనిది' అని ఉంటుంది. ఇక్కడ మాత్రం అదే ఓ వర్గం పేరు. బ్రిటన్‌లో పెద్ద రోడ్లకు ఎం, ఎ, బి అని అక్షరాలిచ్చి నంబర్లు వేశారు. ఆ లెక్కలోకి రాని చిన్న రోడ్లను అక్కడి ప్రభుత్వమే అన్‌క్లాసిఫైడ్ అంటుంది. మ్యాపు పుట్టింది అక్కడ గనుక ఆ మాట మన నెత్తికి చుట్టుకుంది. మన లెక్కలో చెప్పాలంటే ఊరినీ ఊరినీ కలిపే చిన్న రోడ్డు అది. రోడ్డుకు రెండు పక్కలా ఇళ్ళుండి, ఆ ఇళ్ళకు పోవడానికే వాడే వీధి రెసిడెన్షియల్. తరగతి నిజంగా తెలియకపోతే పెట్టడానికి ఉత్త 'రోడ్' అనే విలువ వేరే ఉంది.

ఇంకో చిక్కు కూడా మీ మార్పుల్లో ఉండి ఉంటుంది, చూసుకోండి. ఊరి మధ్య నుంచి పోయే రోడ్డును ఊరు రాగానే రెసిడెన్షియల్ చేసి, ఊరు దాటగానే మళ్ళీ అన్‌క్లాసిఫైడ్ చేస్తారు చాలామంది. రచ్చబండ దగ్గరికి రాగానే రోడ్డు వీధిగా మారిపోదు. బయట ఏ తరగతో ఊళ్ళోనూ అదే ఉంచండి. పక్కకు చీలే వీధులే రెసిడెన్షియల్.

ఆ నలభై రోడ్లూ ఒకే రోజులో దిద్దక్కర్లేదు. రోజుకు నాలుగు చొప్పున, ఆ ఊళ్ళు తెలిసినవాళ్ళను అడుగుతూ దిద్దండి.

ఔటర్ రింగ్ రోడ్ పక్కన సర్వీస్ రోడ్డును 'సర్వీస్' అనే పెట్టాలి కదా? పేరే అది. మరి బైకు మీద వెళ్తుంటే యాప్ ఆ దారి చూపకుండా ఊళ్ళ లోపల నుంచి తిప్పుతోంది.
— ప్రైవేటు ఉద్యోగి, శంషాబాద్

పేరు ఒకటే, మనుషులు వేరు. మ్యాపులో 'సర్వీస్' అంటే పెట్రోల్ బంకులోకి తిరిగే దారి, అపార్టుమెంటు గేటు నుంచి పార్కింగుకు దారి, ఫ్యాక్టరీ ఆవరణలో దారి. గంటకు 15 కిలోమీటర్ల లెక్క అందుకే. మీరు చెప్పే సర్వీస్ రోడ్డు పక్క ఊళ్ళన్నిటికీ ఆధారం. ఔటర్ 158 కిలోమీటర్లూ ఎగ్జిట్ల దగ్గర తప్ప ఎక్కి దిగడానికి లేదు, ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేదు. అందుకే దానికి మోటర్‌వే అనే తరగతి సరిపోయింది. అప్పుడు బైకుల బరువంతా పక్క రోడ్డు మీదే కదా! ఆ ముక్క చేసే పనిని బట్టి టెర్షియరీయో అన్‌క్లాసిఫైడో పెట్టండి. వన్‌వే అయినచోట బోర్డు చూసి అదీ రాయండి. బైకు తిప్పలు చాలావరకు తీరతాయి.

మా పొలాల్లోకి పోయే పుంతకు పోయినేడు సిమెంటు వేశారు. నేను ట్రాక్ తీసేసి రెసిడెన్షియల్ చేశాను. మా తమ్ముడు ట్రాకే ఉండాలంటాడు. పందెం 500.
— రైతు, పి.గన్నవరం దగ్గర

పందెం మీ తమ్ముడిదే, ఓ షరతు మీద.

ఇతర జిల్లాల వాళ్ళకు చెప్పాలి: మా గోదావరి వైపు పుంత అంటే పొలాల మధ్య బండ్లు నడిచే దారి. గుంటూరు, కృష్ణా వైపు డొంక అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. ధాన్యం బస్తాలు మోయడానికో కొబ్బరికాయలు తోలడానికో ట్రాక్టరు పోవడానికి ఉన్న దారి, పొలాల దగ్గర ఆగిపోయే దారి, సిమెంటు వేసినా ట్రాకే. సర్ఫేస్ కాంక్రీటు అని రాయండి. ట్రాక్‌కు ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడులున్నాయి. గట్టిగా చదునుచేసినది గ్రేడ్ 1, ఉత్త మట్టి గడ్డి గ్రేడ్ 5. మీది ఒకటి. షరతేమిటంటే, ఆ పుంత పొలాలు దాటి అవతలి పేటకు కలిసిందా? సిమెంటు వేశాక స్కూలు ఆటో అటు తిరగడం మొదలైందా? అలాగైతే అది పుంత స్థాయి దాటి అన్‌క్లాసిఫైడ్ అయింది, 500 మీ ఇద్దరిలో ఎవరికీ రావు. రెసిడెన్షియల్ మాత్రం ఎలా చూసినా కాదు. కొబ్బరిచెట్లు తప్ప అక్కడ కాపురముండేది ఎవరు?

ఇంత ఖచ్చితంగా చెబుతున్నానంటే నాకు తగిలిన దెబ్బ అలాంటిది. మా మండలంలో కాలువగట్టు మీద ఓ రోడ్డుంది, లాకుల నుంచి అవతలి మండల కేంద్రం దాకా 9 కిలోమీటర్లు. నేను కుర్ర ఇంజనీరుగా ఉన్నప్పుడు దాని మీదే బస్సులు నడిచేవి. దాని మెటలింగు నేనే దగ్గరుండి చేయించాను, రోలరు డ్రైవరుకు మజ్జిగ పోసింది కూడా గుర్తే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని ఆ రోడ్డుకు టెర్షియరీ అని పెట్టేశాను. అప్పటికే కొత్త వంతెన వచ్చి బస్సులన్నీ చుట్టుదారి పట్టాయి. అది 16 కిలోమీటర్లు, సెకండరీ. గట్టు మీద మిగిలింది పాల సైకిళ్ళూ, గేదెలూ.

ఇప్పుడు లెక్క చూడండి. చుట్టుదారి 16 కిలోమీటర్లు, గంటకు 55 చొప్పున పదిహేడున్నర నిమిషాలు. గట్టు దారి 9 కిలోమీటర్లు. దాన్ని అన్‌క్లాసిఫైడ్ అని ఉంచి ఉంటే గంటకు 25 చొప్పున దాదాపు ఇరవై రెండు నిమిషాలయ్యేది. అప్పుడు యాప్ బుద్ధిగా చుట్టుదారే చూపేది. నేను టెర్షియరీ చేయడంతో 40 చొప్పున పదమూడున్నర నిమిషాలకు తగ్గింది.

ఆ సంవత్సరం మాఘంలో మా మేనకోడలి పెళ్ళి. మగపెళ్ళివారు మెట్ట ప్రాంతం నుంచి రాత్రి బయల్దేరారు. డ్రైవరుకు మా వైపు కొత్త. ఫోనులో ఈ మ్యాపు మీద నడిచే యాప్ పెట్టుకున్నాడు. అది వాళ్ళను గట్టెక్కించింది, అంటే నిజంగా కాలువగట్టే ఎక్కించింది. ఆరు కిలోమీటర్లు వచ్చాక తూము దగ్గర రోడ్డు సగం జారిపోయి ఉంది. వెనక్కి తిప్పడానికి చోటు లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేను. పూలు కట్టిన కారు, వెనక బస్సు, రెండూ రెండు కిలోమీటర్లు రివర్సులో వెళ్ళాయి. ముందు ఓ కుర్రాడు టార్చిలైటు పట్టుకుని నడిచాడు. ముహూర్తం తెల్లవారుజామున కాబట్టి బతికిపోయాం. విడిదింట్లో పెళ్ళికొడుకు మేనమామ "ఏ బుద్ధిలేనివాడు పెట్టాడండీ ఆ మ్యాపులో ఆ రోడ్డు" అన్నాడు. నేను కాఫీ గ్లాసు అందించి, ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. ఈ పత్రిక ఆయన చదవడని ధైర్యం.

మర్నాడే అప్పగింతలు కాకముందే దాన్ని అన్‌క్లాసిఫైడ్ చేసి, తూము దగ్గర ముక్క కత్తిరించి కార్లు పోవని రాశాను. అప్పట్నుంచి నాకో నియమం: నేను వేయించిన రోడ్డయినా సరే, ఈ ఏడాది నా బండి దాని మీద నడవకపోతే తరగతి ముట్టుకోను.

మా ఊళ్ళో షాపుల బోర్డుల మీద ఇంకా ఎన్‌హెచ్-5 అనే ఉంది. మ్యాపులో 16 అంటోంది. ఏది రాయాలి? పైగా బైపాస్ వచ్చాక ఊళ్ళోంచి పోయే పాత హైవేను ట్రంక్‌గానే ఉంచాలా?
— కిరాణా వ్యాపారి, తూర్పు గోదావరి

16 రాయండి. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చారు. 5 పోయి 16, 7 పోయి 44, 9 పోయి 65 అయ్యాయి. కొత్త నంబర్లలో ఓ పద్ధతుంది. ఉత్తర దక్షిణాలుగా పోయేవి సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి. అందుకే మన సముద్రం పక్కది 16, కర్నూలు మీదుగా పోయేది 44, అరేబియా సముద్రం పక్కది 66. తూర్పు పడమరలుగా పోయేవి బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. మచిలీపట్నం నుంచి విజయవాడ, హైదరాబాద్ మీదుగా పుణె పోయేది 65. మూడంకెలుంటే చివరి రెండంకెలూ తల్లి రోడ్డువి. కత్తిపూడి దగ్గర 16 నుంచి చీలి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా ఒంగోలులో మళ్ళీ 16ను కలిసే రోడ్డు 216. ఈ పద్ధతి తెలిస్తే తప్పుడు నంబరు ఇట్టే పట్టేయొచ్చు.

పాత నంబరును పారేయకండి. దానికి 'ఓల్డ్ రెఫ్' అని చోటుంది. జనం ఇంకా 'ఫైవ్' అంటూనే ఉంటారు. నంబరును పేరు గడిలో మాత్రం రాయకండి, నంబరు గడి వేరే ఉంది. పేరు గడిలో మీ మెయిన్ రోడ్డు పేరు రాయండి, తెలుగు పేరుకు ప్రత్యేకంగా ఓ గడి ఉంటుంది, అది ఎక్కువగా ఖాళీగానే కనిపిస్తుంది.

బైపాస్ పడ్డాక ట్రంక్ హోదా బైపాస్‌తో పోవాలి. ఊళ్ళోది బస్టాండుకూ మార్కెట్టుకూ పోయే పెద్ద రోడ్డుగా మిగులుతుంది. ప్రైమరీ అనో సెకండరీ అనో దిగుతుంది. కిలోమీటరు రాయి చూడండి: నెత్తిన పసుపుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చుంటే రాష్ట్రానిది, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. కాకపోతే పాత రాళ్ళకు రంగు మార్చేసరికి ఏళ్ళు పడుతుంది. ఎవరైనా పసుపు రాసి బొట్టు పెట్టి ఉంటే ఆ రాయిని అసలు సాక్ష్యంగా తీసుకోవద్దు.

గూగుల్ మ్యాప్స్‌లో చూసి పేర్లు ఎక్కించొచ్చా?
— పేరు రాయలేదు

వద్దు. అది వాళ్ళ సొత్తు. చూసి దించితే ఎవరో ఒకరు పట్టుకుని మీరు ఎక్కించినదంతా తుడిచేస్తారు. బోర్డు మీద చదివింది, ఊరివాళ్ళు చెప్పింది ఎక్కించండి.

మాది డాలస్. మా నాన్నగారి ఊరు కోనసీమలో. ఉపగ్రహ చిత్రం చూసి ఇక్కడి నుంచే రోడ్లు గీయొచ్చా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

గీయండి, సంతోషం. మ్యాపు ఎడిటర్లో అనుమతితో పెట్టిన ఉపగ్రహ చిత్రాలు ఉంటాయి, అవి వాడుకోవచ్చు. అయితే మా వైపు రోడ్ల మీద కొబ్బరిచెట్ల నీడ. సగం దారులు పైనుంచి కనబడవు, కనబడిన తెల్లటి గీత రోడ్డో ఎండిన పిల్లకాలువో తెలియదు. గీత గీసి తరగతి దగ్గర ఆగండి. అక్కడ ఇంటర్‌స్టేట్‌ను చూసి మోటర్‌వే అని పెట్టినంత తేలిక కాదు ఇక్కడ.

ఊళ్ళో మీ బాబాయిగారో పెదనాన్నగారో ఉంటారుగా, ఫోన్ చేయండి. మనకు సాయంత్రం, మీకు తెల్లవారుజాము అవుతుంది, లేవండి. ఆ దారిన బస్సొస్తుందా, వర్షాకాలంలో కారు పోతుందా, అది ఎక్కడ ఆగిపోతుంది అని అడగండి. ఊరి మొగలో వంతెనకు ఏదైనా పేరుందేమో కూడా అడగండి. అలాంటి పేర్లు ఏ రికార్డులోనూ దొరకవు.